అంగారకుడి మీద హత్య, బెజవాడలో రచయిత: నా నవలకి సలహాలు కావాలి

కాలవగట్టు · శనివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. పగలు బ్యాంకులో ఉద్యోగం, రాత్రి తొమ్మిది దాటాక నవల. ఇప్పటికి పదకొండు అధ్యాయాలయ్యాయి.

కథ ఇదీ. ఇంకో యాభై ఏళ్ళకి అంగారకుడి మీద మనవాళ్ళు కాపురం పెట్టారు. వాలెస్ మారినెరిస్ అనే మహాలోయ అంచున, పైన మట్టి కప్పిన గొట్టాల్లాంటి ఇళ్ళు. మొత్తం 64 మంది. మొక్కల గది చూసుకునే ఆయన ఓ తెల్లారుజామున నాలుగు మీటర్ల నిచ్చెన మీంచి పడి, మెడ విరిగి చనిపోతాడు. అందరూ ప్రమాదం అనుకుంటారు. బెజవాడ వన్‌టౌన్‌లో సి.ఐ.గా చేసి రిటైరైన ఒకాయన్ని ఇక్కణ్ణుంచి పంపిస్తారు. ఆయన వెళ్ళి ఒక్కొక్కరినీ కూచోబెట్టి అడిగి, ఇది హత్యేనని తేలుస్తాడు.

మొన్న ఆదివారం మా ఫ్రెండుకి ప్రింటు తీసిచ్చా. ఏలూరు రోడ్డులో టీ తాగుతూ ఒకే మాటన్నాడు: "బానే ఉందిరా. కానీ మార్స్ అని ఉన్న చోటల్లా మచిలీపట్నం అని పెట్టుకుని చదివా. ఎక్కడా అడ్డం తగల్లేదు."

అప్పట్నుంచీ ఒక్క లైను ముందుకి కదల్లేదు. వాడన్నది నిజం కాబట్టే కదల్లేదు. ఈ హత్య అక్కడ తప్ప ఇంకెక్కడా జరగదు, అక్కడ తప్ప ఇంకెక్కడా బయటపడదు అనిపించాలంటే ఏం చెయ్యాలి? లేజర్ తుపాకులూ ఆకుపచ్చ మనుషులూ వద్దు. ఇవాళ మనకి తెలిసిన సైన్సుతోనే.

అద్దెపుస్తకం · శనివారం, రాత్రి 10:20

సైన్సు నాకు రాదు. డిటెక్టివ్ పుస్తకాల మీద మాత్రం నలభై ఏళ్ళ సర్వీసు. చిన్నప్పుడు గవర్నరుపేటలో అద్దెకి తెచ్చుకుని రోజుకి రెండు చదివేవాణ్ణి. మా షాపులో ఎవడో పుణ్యాత్ముడు ప్రతి పుస్తకంలోనూ మూడో పేజీలో పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. అయినా చదివేవాణ్ణి. ఎవడు చంపాడో తెలిశాక కూడా చదివించిన పుస్తకాలు నాలుగో అయిదో ఉంటాయి. వాటిల్లో ఆధారాలన్నీ మన కళ్ళ ముందే పడేసి ఉండేవి, మనమే దాటిపోయేవాళ్ళం.

సైన్సు నవలలో నాకున్న భయం అదే. చివరి పేజీల్లో రచయిత జేబులోంచి ఓ మిషను తీసి "దీంతో చంపాడు" అంటాడు. అప్పటిదాకా ఆ మిషను ఉందని పాఠకుడికి చెప్పడు. అది మోసమండీ. అక్కడి గాలి ఎలా ఉంటుంది, నీళ్ళెలా వస్తాయి, తలుపులెలా మూస్తారు అన్నవన్నీ మొదటి యాభై పేజీల్లో, కథలో కలిసిపోయేట్టు చెప్పెయ్యాలి. తర్వాత వాటితోనే చంపండి, వాటితోనే పట్టించండి.

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 10:55

బాబూ కాలవగట్టూ, ముందు ఆ నిచ్చెన దింపు.

అంగారకుడి మీద గురుత్వం మన దాంట్లో 0.38 వంతు. నాలుగు మీటర్ల మీంచి పడితే ఇక్కడ సెకనుకి దాదాపు 9 మీటర్ల వేగంతో నేలకి తగులుతాం. అక్కడ 5.5 కూడా ఉండదు. అంటే ఇక్కడ ఒకటిన్నర మీటర్ల మీంచి పడ్డట్టు. బ్రాడీపేటలో మా ఇంటి అటక అంతకంటే ఎత్తు. ఇక్కడ 0.9 సెకన్లలో కింద పడతాం, అక్కడ ఒకటిన్నర సెకను పడుతుంది. తిరిగి ఏదో ఒకటి పట్టుకోవడానికి టైముంటుంది. మెడ విరగడం అసాధ్యం అనను, కానీ చూసినవాడికి అనుమానం రావాలి.

రెండోది, మీ సి.ఐ. గారు. భూమికీ అంగారకుడికీ ప్రయాణానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుంది. బయల్దేరాక ఏడు నెలలు ప్రయాణం. హత్య ఆ అదను దాటిన మర్నాడు జరిగితే ఆయన అక్కడ కాలు పెట్టేసరికి రెండున్నరేళ్ళు దాటిపోతుంది. అప్పటికి అక్కడ శవం ఉండదు, సాక్ష్యం ఉండదు, ఎవరేం చెప్పారో వాళ్ళకే గుర్తుండదు.

డిగ్రీ_ఫైనల్ · శనివారం, రాత్రి 11:02

సార్ అంటే అక్కడ మేడ మీంచి దూకినా ఏం కాదా 😀 మా హాస్టల్లో ఒకడున్నాడు, పంపిద్దాం

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 11:10

బరువు తగ్గుతుంది నాయనా, ద్రవ్యరాశి తగ్గదు. అడ్డంగా పరిగెత్తి గోడకి గుద్దుకుంటే ఇక్కడ పగిలే మూతే అక్కడా పగులుతుంది. మీవాణ్ణి ఇక్కడే ఉంచండి.

కాలవగట్టు · శనివారం, రాత్రి 11:25

మాస్టారూ, ఒక్క దెబ్బకి నిచ్చెనా పోయింది, సి.ఐ. గారూ పోయారు. ఆయన్ని మా మేనమామని చూసి రాసుకున్నానండీ. పదకొండు అధ్యాయాలూ కాలవలో కలిపెయ్యాల్సిందేనా?

మిర్చి_గోడౌన్ · ఆదివారం, ఉదయం 6:15

ఆగు తమ్ముడూ, ఏందా తొందర. మాస్టారు పట్టుకున్న తప్పు నీది అనుకోబాక. దాన్ని తీసుకెళ్ళి హంతకుడికి అంటగట్టు. ప్రమాదం అని నమ్మించడానికి నిచ్చెన పక్కన పడేసిందెవడో, వాడు భూమ్మీద బుర్రతో ఆలోచించాడు. లేదా ఆ రిపోర్టు భూమ్మీద చదివేవాళ్ళు నమ్మితే చాలనుకున్నాడు. నీ మొదటి ఆధారం అదే.

ఇంకో సంగతి. అక్కడ పోలీసు ఎవడుంటాడు చెప్పు? గుంటూరులో నేను పన్నెండేళ్ళు కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేశా. పేరొద్దులే. ఓసారి సీజను మధ్యలో లెక్క చూస్తే ఒక పార్టీ సరుకులో నలభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తక్కువొచ్చినయ్. గేటు రిజిస్టర్లో అన్నీ కరెక్టు. వాచ్‌మన్ దేవుడి మీద ఒట్టేశాడు. కెమెరా ఆ వారం పనిచెయ్యలా. చివరికి ఎక్కడ దొరికిందంటే, మిషను రూములో ఆపరేటరు గంటగంటకీ రాసే లాగ్ బుక్కులో. అన్ని రాత్రులూ 6 డిగ్రీలు, 6, 6, 6. ఒక మంగళవారం రాత్రి రెండింటి కాలంలో 9, మూడింటికి 8, నాలుగింటికి మళ్ళీ 6. ఛాంబరు తలుపు గంటసేపు బార్లా తెరిచి ఉంటే తప్ప అట్టా పెరగదు. ఆ ఆపరేటరుకి దొంగతనం సంగతే తెలియదు. కాంటా రాసినట్టు రాసుకుంటా పోయాడు. దొంగ గేటు రిజిస్టరు దిద్దాడు గానీ, చలి కూడా ఒక రిజిస్టరు రాస్తదని వాడికి తట్టలా.

కాబట్టి నీ డిటెక్టివ్ పోలీసు కాదు, స్టోర్ కీపరు. గాలీ నీళ్ళూ తిండీ లెక్క రాసే మనిషి.

అద్దెపుస్తకం · ఆదివారం, ఉదయం 7:40

మిర్చి గారూ, పొద్దున్నే కాఫీ చల్లారిపోయిందండీ మీ పోస్టు చదువుతూ. "చలి కూడా ఒక రిజిస్టరు రాస్తది." కాలవగట్టు గారూ, ఇది మీరు వాడకపోతే నేను వాడేసుకుంటా.

లెక్కల_మాస్టారు · ఆదివారం, ఉదయం 9:05

మిర్చి గారు చెప్పిన దారినే ఇంకో రెండడుగులు వేద్దాం. అక్కడ చలి కాదు, ఊపిరి రాస్తుంది రిజిస్టరు.

ఒక మనిషికి రోజుకి 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, అంటే గంటకి 40 గ్రాములు. మూసిన ఇంట్లో ఇది బియ్యం కొలత లాంటిది, దాచలేం. మొక్కల గది రాత్రిపూట విడిగా మూసేస్తారనుకో. 200 ఘనపు మీటర్ల గది, గాలి ఒత్తిడి మన దగ్గరున్నంతే. అందులో 40 గ్రాములంటే పది లక్షల పాళ్ళలో ఓ వంద పాళ్ళ పెరుగుదల. మామూలు మీటరుకి కూడా అందుతుంది. చీకట్లో మొక్కలు కూడా కొంత వదులుతాయి, కానీ అది రోజూ ఒకే తీరు, తీసెయ్యొచ్చు.

ఇప్పుడు చూడు. అందరూ ఆయన తెల్లారుజామున అయిదింటికి పడ్డాడంటున్నారు. మీటరు గీత మాత్రం రాత్రి 11 దాకా ఎక్కుతూ వచ్చి అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మూడింటికి ఓ పావుగంట ఎక్కింది. అంటే 11కి ఒక ఊపిరి ఆగింది, మూడింటికి ఇంకో ఊపిరి లోపలికొచ్చి వెళ్ళింది. నిచ్చెన పెట్టింది అప్పుడే.

ఒక్క సవరణ. 64 మంది ఎక్కువ. మొత్తం లెక్కలో ఒక మనిషి వాటా ఒకటిన్నర శాతం, వ్యాయామం చేసినవాళ్ళ ఆయాసంలో కలిసిపోతుంది. 14 మందిని పెట్టు. అప్పుడు ఒక మనిషి 7 శాతం.

కాలవగట్టు · ఆదివారం, ఉదయం 9:30

మాస్టారూ 🙏 యాభై మందిని నిర్దాక్షిణ్యంగా తీసేశాను. ఇక 14 మందే.

కత్తెర_డాక్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:45

గుంటూరులో చదివాను, పోస్టుమార్టం గదిలో కొన్నాళ్ళు పనిచేశాను. నాకు తెలిసినంత చెప్తా.

చనిపోయాక రక్తం కిందికి దిగి, నేలవైపున్న చర్మం మీద ఊదారంగు పడుతుంది. కొన్ని గంటలయ్యాక శవాన్ని తిప్పినా ఆ రంగు మారదు. బరువే లేని అంతరిక్ష నౌకలో "కింద" అనేదే లేదు కాబట్టి ఈ గుర్తు అక్కడ పనికిరాదు. అంగారకుడి మీద కొంత గురుత్వం ఉంది కాబట్టి పనికొస్తుంది. మీ మనిషి నిచ్చెన కింద బోర్లా పడి ఉన్నాడు, రంగు మాత్రం వీపు మీద ఉంది అనుకోండి. డాక్టరున్నవాళ్ళకి అదొక్కటి చాలు.

కానీ 14 మందిలో డాక్టరు ఒక్కరే ఉంటారు, వాళ్ళు శవపరీక్ష చేసి ఎరగరు. భూమ్మీద ఉన్న నాలాంటివాణ్ణి అడగాలి. "సార్, ఇక్కడ కొయ్యమంటారా?" అని అడిగితే, గ్రహాలు రెండూ దూరంగా ఉన్నప్పుడు ఆ మాట నాకు చేరడానికే 20 నిమిషాల పైన. నేను వెంటనే చెప్పినా నా జవాబు వెళ్ళడానికి మళ్ళీ అంత. నలభై నిమిషాలు కత్తి పట్టుకుని నిలబడి ఉంటుంది ఆ పిల్ల. మీరు రాయాల్సింది ఆ నలభై నిమిషాలు.

డిగ్రీ_ఫైనల్ · ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఇంత కష్టం దేనికండీ, చంద్రుడి మీద పెట్టెయ్యొచ్చుగా. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువం దగ్గర దిగింది, మనకి అక్కడ హక్కు కూడా ఉన్నట్టు ఉంటుంది

నల్లకోటు · ఆదివారం, మధ్యాహ్నం 2:30

హక్కు మాట నాకొదిలెయ్ తమ్ముడూ. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుడి మీద గానీ అంగారకుడి మీద గానీ ఏ దేశానికీ సెంటు భూమి హక్కు లేదు. ఇండియా 1982లో దీన్ని ఆమోదించింది. ఎవరు దిగినా జెండా పాతుకోవచ్చు, పట్టా రాదు.

కాలవగట్టు గారూ, మీ కథలో అసలు చిక్కు ఎనిమిదో అధికరణం. నౌక ఏ దేశం రిజిస్టరులో ఉందో, దాని మీదా అందులో ఉన్నవాళ్ళ మీదా ఆ దేశానికే అధికారం. మరి నిద్రపోయే గది ఒక దేశానిది, మొక్కల గది ఇంకో దేశానిది, మధ్యలో గొట్టం మూడో దేశానిదైతే? చంపింది ఒక గదిలో, శవం దొరికింది ఇంకో గదిలో అయితే? ఇక్కడ సత్యనారాయణపురం స్టేషనుకీ మాచవరం స్టేషనుకీ హద్దు తగాదా వస్తేనే శవం రోడ్డు మీద రెండు గంటలుంటుంది.

హంతకుడు భారతీయుడైతే మాత్రం మన చట్టం వెంటపడుతుంది. భారతీయ న్యాయ సంహిత మొదటి సెక్షన్‌లోనే ఉంది, మన పౌరుడు దేశం బయట ఎక్కడ నేరం చేసినా వర్తిస్తుందని. "ఎక్కడ" అంటే ఎక్కడైనా. హత్యకి శిక్ష 103 కింద. కాకపోతే బయట జరిగిన నేరాన్ని ఇక్కడ విచారించాలంటే నాగరిక్ సురక్షా సంహిత 208 ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. అనుమతి ఢిల్లీలో, సాక్షులు అంగారకుడి మీద. ముద్దాయికి నేను వకాల్తా వేస్తే వాయిదాల మీదే వాడి జీవితం వెళ్ళిపోతుంది.

అన్నట్టు శవ పంచనామాకి ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు కావాలి. 14 మందిలో ఒకడు శవం, ఒకడు హంతకుడు. సంతకం పెట్టేవాడు ఆ హంతకుడే కావచ్చు. దీన్ని వదలకండి.

లెక్కల_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:15

చంద్రుడి సంగతి. మాట చేరడానికి 1.3 సెకన్లు, మనిషి చేరడానికి మూడు రోజులు. అది గుంటూరు నుంచి బెజవాడ వచ్చినట్టు. గొడవైతే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు. ఈ కథకి ఇంటికెళ్ళడం కుదరని చోటు కావాలి.

అంగారకుడికి ఇంకో సుగుణం ఉంది. 26 నెలలకోసారి సూర్యుడు సరిగ్గా మధ్యలోకి వస్తాడు. సూర్యుడి వేడి వాయువు సంకేతాలని చెడగొడుతుందని, అక్కడున్న యంత్రాలకి దాదాపు రెండు వారాలు ఆదేశాలు పంపడం ఆపేస్తారు. ఇప్పుడూ జరుగుతున్నదే. హత్య ఆ రెండు వారాల ముందు రోజు పెట్టు. సి.ఐ. గారిని భూమ్మీదే ఉంచి ఒక సందేశం పంపనీ. ఆ తర్వాత మౌనం.

ఇంకొకటి. అక్కడ రోజు మనకంటే 39 నిమిషాల 35 సెకన్లు ఎక్కువ. ముప్ఫయ్యారు రోజులు దాటేసరికి భూమి తారీఖుకీ అక్కడి తారీఖుకీ ఒక రోజు తేడా. "ఆ రాత్రి నేను భూమితో మాట్లాడుతున్నా" అని ఒకడు చెప్తే, ఏ రాత్రి అన్నదే ప్రశ్న.

భవానీపురం_బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 5:00

మొదట్నుంచీ చదువుతున్నా. ఒక్క సందేహం. తెలుగులో రాస్తూ మార్స్ ఏమిటి, చక్కగా కుజుడు అనొచ్చుగా. కుజదోషం ఉన్నవాళ్ళని అక్కడికి పంపిస్తే దోషం పోతుందా, రెట్టింపవుతుందా? అక్కడ పుట్టిన పిల్లకి జాతకం రాస్తే కుజుడు ఏ ఇంట్లో ఉన్నట్టు? కాళ్ళ కిందున్నాడు కదా!

డిగ్రీ_ఫైనల్ · ఆదివారం, సాయంత్రం 5:04

బాబాయ్ సెకండ్ పార్ట్ మీరే రాయాలి

అద్దెపుస్తకం · ఆదివారం, సాయంత్రం 5:30

నవ్వులాటకి అన్నా, బాబాయ్ మాటలో విషయం ఉంది. రచయిత అంగారకుడు అని రాయొచ్చు. అక్కడుండేవాళ్ళు మాత్రం ఆ పేరే వాడరు. మనం "భూమి మీద ఉన్నాం" అనుకుంటూ తిరగం కదా. వాళ్ళకి అది "ఇక్కడ". ఎయిర్‌లాక్‌ని మాత్రం గాలితాళం, వాయుబంధం అని హింసించకండి. రెండేళ్ళు దాన్ని తెరుస్తూ మూస్తూ బతికినవాళ్ళు "తలుపు" అంటారంతే.

వేదిక నిర్వాహకుడు · ఆదివారం, సాయంత్రం 6:10

జ్యోతిషం మీద వచ్చిన మరో తొమ్మిది వ్యాఖ్యల్ని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ నవల గురించే.

సింగ్‌నగర్_పైఅంతస్తు · ఆదివారం, రాత్రి 9:40

నేను సైన్సు చదవలేదు, డిటెక్టివ్ నవలలు కూడా తక్కువే. కానీ మూసిన ఇంట్లో లెక్కపెట్టుకుని బతకడం అంటే ఏమిటో తెలుసు.

2024 సెప్టెంబరు ఒకటి, ఆదివారం. బుడమేరు పొంగి మా వీధిలోకొచ్చింది. మా వరసలో పై అంతస్తు ఉన్న ఇల్లు మాదొక్కటే. చుట్టుపక్కలవాళ్ళతో కలిపి 17 మందిమి, రెండు గదులు, అయిదు రోజులు. మొదటి రోజు ఎవరం లెక్కపెట్టలేదు. వంట చేసుకుని అందరం తిన్నాం, నవ్వుకున్నాం కూడా. రెండో రోజు సాయంత్రానికి తాగే నీళ్ళు మూడు క్యాన్లు మిగిలాయి. అప్పుడు మా అమ్మాయి రఫ్ నోట్సులో పేర్లు రాసి గీతలు పెట్టడం మొదలెట్టా. మనిషికి పూటకి స్టీలు గ్లాసుడు. మీ స్టోర్ కీపరు నేనే అనుకోండి. గీత పెడుతుంటే ఎవరూ మాట్లాడరు. అందరూ నా చెయ్యి వంకే చూస్తారు. పక్కింటి పిన్నిగారితో ఇరవై ఏళ్ళ స్నేహం, ఆవిడ కూడా నా చెయ్యి వంకే.

మూడో రోజు డ్రోను మేడ మీద పొట్లాలు పడేసింది. అందులో బిస్కెట్ ప్యాకెట్లు పిల్లల కోసం విడిగా తీసి పెట్టా. తెల్లారి చూస్తే ఒకటి లేదు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆ పూట నుంచీ ఎవరి సంచి వాళ్ళు తలకింద పెట్టుకుని పడుకున్నారు. నాలుగో రోజు దుప్పట్లు దులుపుతుంటే ఒక దిండు గలీబులో ఖాళీ కవరు దొరికింది. మా ఇంట్లో పెద్దాయనే. ఆయనకి షుగరు. రాత్రి కళ్ళు తిరిగి తిన్నట్టున్నారు, అడగడానికి మొహమాటపడి. ఆ కవరు మడిచి నా జాకెట్లో పెట్టుకున్నా. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను అడిగేది ఇదీ. మీవాళ్ళు దొంగనో హంతకుణ్ణో పట్టుకుంటారు, సరే. పట్టుకున్న రాత్రి ఎక్కడ పడుకుంటారు? బయటికి గెంటలేం, మాకు బయట నడుంలోతు నీళ్ళు, వాళ్ళకి గాలే లేదు. ఆ మనిషి చేతిలోనే ఏదో ఒక ముఖ్యమైన పని ఉంటుంది కదా. తేలిన తర్వాతే అసలు కథ అనిపిస్తోంది నాకు.

కాలవగట్టు · ఆదివారం, రాత్రి 11:50

రెండు గంటల్నుంచీ ఈ పోస్టే చదువుతున్నానండీ. నా నవల హంతకుడి పేరు చెప్పడంతో అయిపోయేది. చివరి పేజీ చించేశాను, నిజంగానే చించేశాను. ఇంకేమీ చెప్పలేను ఇవాళ.

మిర్చి_గోడౌన్ · సోమవారం, ఉదయం 6:20

అమ్మా, మీకు దండం.

తమ్ముడూ, మా వాసన ఒకటి కలుపుకో నీ కథలో. కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైతే ముందు తడిగుడ్డ ముక్కుకి కట్టుకుంటాం. ఎక్కడ కారతందో తెలియకపోతే గంధకం వత్తి వెలిగించి పైపు జాయింట్ల దగ్గర తిప్పుతాం, లీకున్న చోట తెల్లటి పొగ లేస్తది. అలారం మోగిందంటే ఎవడూ ఆగడు, ఒక్కడు కూడా వెనక్కి తిరిగి చూడడు. ఒక గది ఖాళీ చేయించాలంటే అంతకంటే సుళువు లేదు.

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 8:30

జరిగిందే అది. 2015 జనవరి 14న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియా లీకని అలారం మోగింది. బయటి వైపు వేడిని మోసుకుపోయేది అక్కడ కూడా అమ్మోనియానే. అమెరికా వైపున్నవాళ్ళు రష్యా వైపుకి వెళ్ళి తలుపు మూసుకుని గంటల తరబడి అక్కడే ఉన్నారు. చివరికి లీకూ లేదు ఏమీ లేదు, ఒక కంప్యూటరు పెట్టె తప్పు చెప్పింది. మన కథలో ఆ పెట్టె చేత తప్పు చెప్పించినవాడు ఒకడున్నాడు.

అంతరిక్షంలో డిటెక్టివ్ కథ ఊహ అనుకునేవాళ్ళకి ఇంకోటి. 2018 ఆగస్టు 30న అదే కేంద్రానికి తగిలించి ఉన్న సోయజ్ నౌకలో రెండు మిల్లీమీటర్ల రంధ్రం దొరికింది. ఉల్క కొట్టింది కాదు, డ్రిల్లుతో పడ్డది. గాలి ఒత్తిడి కాస్త కాస్త తగ్గుతోందన్న అంకె పట్టుకుని వెతికారు. జిగురూ గుడ్డా పెట్టి మూశారు. డిసెంబరులో ఇద్దరు బయటికెళ్ళి, పై కప్పు కోసి నమూనాలు తెచ్చారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చేశారన్నది లోకానికి నేటికీ తేల్చి చెప్పలేదు.

కత్తెర_డాక్టర్ · సోమవారం, మధ్యాహ్నం 2:10

ఒక తిండి ఆధారం ఇస్తా. బరువులేనితనంలో ఒంట్లో నీరు పైకెక్కి జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడేస్తుంది, రుచి తెలియదు. అందుకే వ్యోమగాములు కారం అడుగుతారు. 2021లో అంతరిక్ష కేంద్రంలో మిరపకాయలు పండించి కోసుకు తిన్నారు కూడా. మీ మొక్కల గది ఆయన గుంటూరు విత్తనం వేసుండొచ్చు.

మిర్చి_గోడౌన్ · సోమవారం, మధ్యాహ్నం 2:25

డాక్టరుగారూ!! దొరికింది. ఆయన దొంగతనంగా మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టుకుని డబ్బాలో దాచుకున్నాడు. పెనుగులాటలో డబ్బా ఒలికింది. హంతకుడు నేల తుడిచాడు గానీ, గాల్లోకి లేచిన పొడి ఫిల్టరుకి పట్టింది. ఫిల్టరు ఎర్రగా ఉంది. అంగారకుడి మీద ఫిల్టరు ఎర్రగా ఉంటే ఎవడు పట్టించుకుంటాడు? అంతా ఎర్రదుమ్మేగా! మన స్టోర్ కీపరు గుంటూరు పిల్ల. పాత ఫిల్టరు లెక్క రాసుకోడానికి చేతిలోకి తీసుకుద్ది, తుమ్ముద్ది.

లెక్కల_మాస్టారు · సోమవారం, మధ్యాహ్నం 3:00

నాకు అభ్యంతరం లేదు. ఘాటు ఆవిరి కాదు, రేణువులే. ఫిల్టరులో ఆగుతాయి. అక్కడి ఎర్రదనం తుప్పు. తుప్పుకి ఘాటుండదు. ఆ మట్టిలో పెర్‌క్లోరేట్ అనే విషలవణం ఉందని 2008లో ఫీనిక్స్ నౌక పట్టింది కాబట్టి, దుమ్ము లోపలికి రాకుండా వాళ్ళు మహా జాగ్రత్తగా ఉంటారు. మొక్కల గది ఫిల్టరు అంత ఎర్రగా ఎందుకుంది అన్న ప్రశ్న ఆ పిల్లకి తుమ్ముకి ముందే రావాలి.

అద్దెపుస్తకం · సోమవారం, మధ్యాహ్నం 3:20

ఒప్పుకుంటా, ఒక షరతు మీద. మొదటి యాభై పేజీల్లో ఎక్కడో భోజనాల దగ్గర ఆయన అన్నంలో కారం చల్లుకోవడం, ఎవరో "ఎక్కడిదండీ?" అనడం, ఆయన మాట మార్చడం ఉండాలి. రెండు లైన్లు చాలు. లేకపోతే మీ తుమ్ము చెల్లదు.

కాలవగట్టు · శుక్రవారం, రాత్రి 10:30

అయిదు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. మొదట్నుంచీ తిరగరాస్తున్నా. మొదటి పేరా ఇదీ:

"సరోజ రిజిస్టరు తీసి ఆ రాత్రి గాలి కూడింది. పదమూడు మందిది రావాలి, పదమూడు మందిదే వచ్చింది. నిన్నటిదాకా పద్నాలుగు. నిన్న రాత్రి లెక్క మళ్ళీ కూడింది. పన్నెండింటికి ఒకరు తక్కువున్నారు. అయిదింటికి పడ్డ మనిషి పన్నెండింటికే ఎలా తక్కువయ్యాడో తెలియక, ఆమె ఎవరికీ చెప్పకుండా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది."

మచిలీపట్నం పెట్టి చూశా. రెండో వాక్యంలోనే ఆగిపోయింది.

మా మేనమామ సి.ఐ. గారు భూమ్మీదే ఉన్నారు. సందేశాలు ఆగిపోయే ముందు ఆయన పంపిన చివరి మాట, "నిచ్చెన మీంచి పడటమే, సందేహం లేదు." ఆయనది తప్పు కాదు, ఆయన బరువు ఎక్కువ.

మిర్చి_గోడౌన్ · శుక్రవారం, రాత్రి 10:41

బాగుంది తమ్ముడూ. రిజిస్టర్లో పెన్సిలు మాత్రం వాడనియ్యం. ఆడిటరు ఒప్పుకోడు. పెన్ను చెయ్యి.

కాలవగట్టు · శుక్రవారం, రాత్రి 10:44

పెన్ను చేశా.

సింగ్‌నగర్_పైఅంతస్తు · శుక్రవారం, రాత్రి 11:05

ఇంతకీ తేలిన రాత్రి ఏం చేశారు వాళ్ళు?

కాలవగట్టు · శుక్రవారం, రాత్రి 11:20

పేరు చెప్పనండీ. భోజనాల వేళైంది, సరోజ బియ్యం కొలిచి పోసింది. పళ్ళేలు వరసగా పెట్టింది. పన్నెండు పెట్టి ఆగింది. తర్వాత పదమూడోది కూడా పెట్టింది. అంతవరకే రాశాను.